కీమో అయిపోయింది.. మరి గుండె సంగతేంటి?

మీ ఇంట్లో మెడికల్ రిపోర్టులు చదివే డ్యూటీ ఎవరిది? మా ఇంట్లో నాదే. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. ఇంగ్లిష్ చదవడం వచ్చు, చేతిలో ఫోనుంది. అంతే అర్హత! ఝరాసంగంలో మావాళ్లలో ఎవరికి ఏ టెస్టు చేసినా ఆ కాగితం ఫొటో ముందు జహీరాబాద్‌లో ఉండే తమ్ముడికి, అక్కణ్నుంచి హైదరాబాద్‌లో ఉన్న నాకు వచ్చేస్తుంది. కింద ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "నార్మలేనా?"

మామూలుగా అయితే షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్. బోల్డు అక్షరాల్లో ఏమైనా ఉందా అని చూసి జవాబు చెప్పేయొచ్చు. ఈమధ్య వచ్చిన ఒక రిపోర్టు మాత్రం అలా లేదు. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్-ఐ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని రెండు పేర్లు, రెండూ బోల్డులోనే. రెండూ గుండెకు సంబంధించినవే. కానీ పేషెంటుకు వచ్చింది రొమ్ము క్యాన్సర్! క్యాన్సర్ ఫైల్లో గుండె టెస్టులకేం పని? ఈ వారం ఆ కథే.

పేషెంటు మా చిన్నమ్మ. "పేరొక్కటి రాయకు బిడ్డా, కడమదంతా రాసుకో" అని పర్మిషన్ ఇచ్చింది. వయసు 56. ఎనిమిదేళ్లుగా బీపీ గోలీలు వేసుకుంటోంది. క్యాన్సర్ రకం హెర్-2 పాజిటివ్. ఆపరేషన్ తర్వాత నాలుగు సార్లు 'ఎర్ర మందు' ఎక్కించారు. అది అయ్యాక వేరే కీమోతో పాటు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్. మొత్తం ఏడాది కోర్సు. ఐదో ఇంజెక్షన్ దాటేసరికి ఫోన్లో మాట మారింది. "రెండు రొట్టెలు కొట్టంగనే దమ్మొస్తుంది బిడ్డా. కీమో అయినంక గిట్లనే ఉంటదంట గదా" అంది.

జొన్నరొట్టె కొట్టడం తేలికైన పనేం కాదని మా వైపు వాళ్లకు తెలుసు. కానీ ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ కొట్టిపెట్టిన మనిషి రెండో రొట్టెకే కూర్చుండిపోతోందంటే లెక్క వేరే. ఊళ్లో అందరూ నీరసం అన్నారు. తెలిసినాయన ఒకరు వచ్చి, "ఒక్క బాటిల్ ఎక్కిస్తే లేచి కూసుంటది" అని సెలైన్ కూడా పెట్టిపోయాడు. ఆ రాత్రి చిన్నమ్మ పడుకోలేకపోయింది. వెల్లికిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. ఎందుకలా అయిందో చెప్పాలంటే ముందు ఆ ఎర్ర మందు గురించి చెప్పాలి.

దాని పేరు డాక్సోరూబిసిన్. పాత పేరు అడ్రియామైసిన్. 1960లలో ఇటలీ శాస్త్రవేత్తలు మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి ఈ కుటుంబం మందుల్ని పట్టుకున్నారు. పక్కనే ఉన్న అడ్రియాటిక్ సముద్రం పేరు పెట్టేశారు. సీసాలో చూస్తే రూహఫ్జా రంగు. ఎక్కించాక ఒకట్రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది. చిన్నమ్మ మొదటిసారి అది చూసి రక్తం అనుకుని హడలిపోయింది. రొమ్ము క్యాన్సర్, లింఫోమా, ఎముకల క్యాన్సర్, పిల్లల్లో వచ్చే క్యాన్సర్లు.. ఎన్నింటికో ఇప్పటికీ ఇదే పెద్ద దిక్కు. 50 ఏళ్లు దాటినా దీన్ని పక్కన పెట్టలేకపోతున్నారంటే ఎంత బాగా పనిచేస్తుందో ఊహించుకోండి.

చిక్కల్లా గుండెతోనే. క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ ముడులు విప్పే ఒక ఎంజైమును ఈ మందు పట్టేసి వాటిని చంపుతుంది. అదే ఎంజైముకు తమ్ముడి లాంటిది గుండె కణాల్లోనూ ఉంటుంది. మందు దాన్నీ పట్టుకుంటుంది. కణానికి కరెంటు ఇచ్చే మైటోకాండ్రియాలూ దెబ్బతింటాయి. జుట్టు ఊడితే మళ్లీ వస్తుంది, నోటి పుండ్లు మానిపోతాయి. గుండె కండరానికి ఆ సౌలభ్యం లేదు. 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన పద్ధతిలో దీన్ని లెక్కకట్టారు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మనుషుల గుండె కణాల డీఎన్ఏలో ఎంత చేరిందో చూశారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి దాదాపు ఒక శాతం గుండె కండర కణాలే కొత్తవి పుడతాయి, 75 ఏళ్లకు అది అర శాతం కన్నా తగ్గిపోతుంది అని తేలింది. అంటే పోయిన కణం దాదాపు పోయినట్టే.

ఎంత డోసు ఎక్కితే అంత ముప్పు. 1979లోనే దాదాపు 4 వేల మంది రికార్డులు తిరగేసి చూస్తే, శరీర వైశాల్యంలో ఒక్కో చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాములు చేరినప్పుడు గుండె ఫెయిల్యూర్ సుమారు 3 శాతం మందికి, 550 దగ్గర 7 శాతం మందికి, 700 దగ్గర 18 శాతం మందికి వచ్చింది. తర్వాత జరిగిన అధ్యయనాల్లో ఈ అంకెలు ఇంకా పెరిగాయి. అందుకే ఇప్పుడు జీవితం మొత్తానికీ ఇంతకు మించకూడదని గీత గీస్తారు. చిన్నమ్మకు ఎక్కింది 240. గీతకు చాలా దిగువే. కానీ ఆ తర్వాత ట్రాస్టుజుమాబ్ వచ్చి చేరింది.

ఈ ఇంజెక్షన్ హెర్-2 అనే గ్రాహకాన్ని మూసేస్తుంది. ఆ రకం క్యాన్సర్ కణాలకు అదే ప్రాణం కాబట్టి అవి చతికిలబడతాయి. ఎంతోమంది ఆడవాళ్ల బతుకుల్ని నిలబెట్టిన మందు ఇది. 2014లో మన దేశంలో తయారైన రకం మార్కెట్లోకి వచ్చాక ఖరీదు కూడా కొంత దిగింది. అయితే గుండె కణాలు కూడా దెబ్బలు తగిలినప్పుడు కోలుకోవడానికి హెర్-2నే వాడుకుంటాయట! ఎర్ర మందు దెబ్బ కొడితే, ఈ మందు మరమ్మతును ఆపుతుంది. 2001లో వచ్చిన పెద్ద పరిశోధనలో రెండింటినీ కలిపి ఒకేసారి ఇచ్చినప్పుడు 27 శాతం మందిలో గుండె పనితీరు దెబ్బతింది. ఎర్ర మందున్న కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో అది 8 శాతం. అప్పట్నుంచీ రెంటినీ ఒకేసారి ఇవ్వడం మానేసి, ఒకటి అయ్యాక ఒకటి ఇస్తున్నారు. దీనివల్ల తగ్గిన పనితీరు చాలామందిలో మందు ఆపితే తిరిగొస్తుంది. డాక్సోరూబిసిన్ దెబ్బకీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే.

ఇప్పుడు రక్తం దగ్గరికొద్దాం. దానికి ముందు మన భీమవరంలో ఒకసారి ఆగాలి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు స్కూల్లో వినే ఉంటారు. కీమోథెరపీకి తొలి ఇటుకలు పేర్చినవాళ్లలో ఆయనొకరు. ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆయన బృందం చలవే. అది అందరికీ తెలిసిన భాగం. తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది కూడా ఆయనే. కండరానికి అది అర్జెంటుగా వాడుకునే బ్యాటరీ లాంటిది. ఆ బ్యాటరీని నింపే, ఖాళీ చేసే ఎంజైము పేరు క్రియాటిన్ కైనేజ్. గుండె కణం పగిలితే అది రక్తంలోకి కారుతుంది. దాంట్లో ఒక రకమే సీకే-ఎంబీ. ట్రోపోనిన్ రాకముందు గుండెపోటు వచ్చిందో లేదో చెప్పిన రక్తపరీక్ష అదే! క్యాన్సర్ మందు, గుండె దెబ్బను చెప్పే టెస్టు.. రెండింటి మూలాల్లోనూ ఒకే తెలుగాయన వేలిముద్ర ఉంది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో 53 ఏళ్లకే ఆయన గుండె ఆగిపోయింది. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బ్లడ్ క్యాన్సర్ పిల్లలు తాత్కాలికంగా కోలుకున్నారని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించి అప్పటికి రెండు నెలలు.

సీకే-ఎంబీతో ఇబ్బంది ఏంటంటే ఒంట్లో మిగతా కండరాల్లోనూ కొంత ఉంటుంది. ట్రోపోనిన్ అలా కాదు. గుండె కండరం బిగుసుకుని వదలడానికి పనికొచ్చే ప్రోటీన్ ఇది. ఇందులో ఐ, టి అనే రెండు రకాలు గుండెలో ఉండేవి ప్రత్యేకంగా ఉంటాయి. కణం దెబ్బతింటే బయటికొస్తాయి. ఇప్పటి హై సెన్సిటివిటీ కిట్లు లీటరు రక్తంలో కొన్ని నానోగ్రాములున్నా పట్టేస్తాయి. గ్రాములో వందకోట్లో వంతు నానోగ్రాము.

రెండోదైన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చెప్పేది వేరే కబురు. గుండె గదులు రక్తంతో ఉబ్బి గోడలు సాగినప్పుడు ఒత్తిడి తగ్గించమని గుండె ఒక హార్మోన్ వదులుతుంది. ఆ హార్మోన్‌తో పాటు విడిపోయే ముక్క ఇది. 1988లో జపాన్‌లో మొదట పంది మెదడులో దొరికింది కాబట్టి పేరులో 'బ్రెయిన్' అని ఉండిపోయింది, మెదడుతో పనేం లేదు. సింపుల్‌గా చెప్పాలంటే, ట్రోపోనిన్ పెరిగితే కండరం చితుకుతోందని, ఇది పెరిగితే గుండె మోయలేకపోతోందని.

ఎకో ఉంది కదా, మళ్లీ రక్తం ఎందుకు? నాకూ అదే డౌటు వచ్చింది. ఎకోలో చూసే ఈఎఫ్, అంటే ఒక్కో కొట్టుడుకు గుండె ఎంత శాతం రక్తం బయటికి నెడుతోందనే అంకె, ఆలస్యంగా పడిపోతుంది. కొన్ని కణాలు పోయినా మిగతావి ఎక్కువ పనిచేసి లెక్క సరిచేస్తుంటాయి. అవీ అలసిపోయాకే అంకె దిగుతుంది. రక్తం ఇంకొంచెం ముందే ఉప్పందిస్తుందా అని ఇటలీలోని మిలాన్‌లో డానియేలా కార్డినాలే బృందం ఏళ్ల తరబడి చూసింది. 2004లో వాళ్లు ప్రచురించిన లెక్క ఇది: హైడోస్ కీమో తీసుకున్న 703 మందికి కీమో అయిన వెంటనే ఒకసారి, నెల తర్వాత ఒకసారి ట్రోపోనిన్-ఐ చూశారు. రెండుసార్లూ నార్మల్ వచ్చినవాళ్లలో తర్వాత గుండె సమస్యలు వచ్చింది 1 శాతం మందికే. మొదట పెరిగి నెలకు తగ్గినవాళ్లలో 37 శాతం మందికి. రెండుసార్లూ పెరిగే ఉన్నవాళ్లలో 84 శాతం మందికి!

నాకు ఇందులో పెద్దగా నచ్చింది ఆ 84 కాదు, ఆ 1. 'నీకు భయం లేదు' అని పది మందిలో ఏడుగురికి చెప్పగలగడం చిన్న విషయమా?

2006లో అదే బృందం ట్రోపోనిన్ పెరిగిన 114 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎనలాప్రిల్ అనే మామూలు బీపీ మాత్ర ఇచ్చింది. మాత్ర వేసుకోనివాళ్లలో 43 శాతం మందికి ఈఎఫ్ పడిపోయింది, వేసుకున్నవాళ్లలో ఒక్కరికీ పడలేదు. ఇక్కడితో ఆపేస్తే సూపర్‌హిట్ సినిమాలా ఉంటుంది కానీ కథ అలా సాగలేదు. బ్రిటన్‌లో 2023లో వచ్చిన కార్డియాక్ కేర్, 2024లో వచ్చిన ప్రోయాక్ట్ పరిశోధనల్లో ఇలాంటి మాత్రలు ముందుగానే ఇచ్చినా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. డోసులు మారాయి, కిట్లు మారాయి, పేషెంట్లూ వేరు. కాబట్టి ట్రోపోనిన్ కొంచెం పెరగ్గానే మాత్ర వేసేయడమే అనే సూత్రం తేలలేదు. ఎవరి మీద ఎక్కువ కన్నేసి ఉంచాలో చెప్పడంలో మాత్రం ఈ టెస్టులకు విలువుంది. 2022లో యూరప్ కార్డియాలజీ సొసైటీ ఇచ్చిన గైడ్‌లైన్స్ కూడా ఎర్ర మందు మొదలుపెట్టే ముందు అందరికీ ఎకో తీయమంటాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు మొదటి కీమోకు ముందే ఈ రెండు రక్తపరీక్షలూ తప్పకుండా చేయమంటాయి. ముప్పు ఎక్కువంటే? 65 దాటినవాళ్లు, బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, పాత గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ పడినవాళ్లు. ఇవి ఒకటికి ఒకటి తోడైనకొద్దీ ముప్పు పెరుగుతూ పోతుంది.

చిన్నమ్మ ఫైల్లో కీమోకు ముందు తీసిన ఎకో ఉంది, ఈఎఫ్ 62. రక్తపరీక్షలు లేవు. దమ్మొచ్చిందని హైదరాబాద్ తీసుకొచ్చినప్పుడు కార్డియాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న నేను అస్సలు ఊహించలేదు.

"అమ్మా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు?"

"రెండు మెత్తలు సారూ. మొన్నటి సంది మూడు."

ఆయన తలూపి, పాదం పైన వేలితో నొక్కి చూశారు. సొట్ట పడింది, కాసేపు అలాగే ఉంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,180. ట్రోపోనిన్ హద్దు దాటి కొద్దిగా పైన. ఎకోలో ఈఎఫ్ 46. అప్పుడర్థమైంది ఆ సెలైన్ బాటిల్ ఏం చేసిందో. ఉన్న నీళ్లనే తోడలేక అవస్థ పడుతున్న గుండె మీద ఇంకో అరలీటరు కుమ్మరించినట్టయింది. నీరసం అనగానే సెలైన్ ఎక్కించేయడం మన ఊళ్లలో మామూలే. కీమో తీసుకున్న మనిషికి దమ్మొస్తుంటే మాత్రం, గుండె ఎలా ఉందో డాక్టర్ చూసేదాకా ఆ బాటిల్ జోలికి పోకండి.

ఇంజెక్షన్ ఆపారు. నీరు తగ్గే మాత్ర, గుండెకు రెండు మాత్రలు రాశారు. చిన్నమ్మకు ఊపిరాడకపోవడం కన్నా ఇంజెక్షన్ ఆపడమే పెద్ద భయమైపోయింది. "మందు ఆపిండ్రంటే మల్ల గడ్డ లేస్తది గదా?" అని రోజుకు పదిసార్లు అడిగింది. ఆ భయం ఉత్తిదేం కాదు. ఆపడానికీ కొనసాగించడానికీ మధ్య క్యాన్సర్ డాక్టరు, గుండె డాక్టరు కూర్చుని తేల్చుకోవాల్సిన తూకం అది. కార్డియో-ఆంకాలజీ అని కొత్తగా ఒక విభాగమే పుట్టింది అందుకే. ఆరు వారాలకు ఈఎఫ్ 54కి ఎక్కింది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 240కి దిగింది. ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి ఎకో కొంచెం దగ్గర దగ్గరగా. ఇప్పుడు నాలుగు రొట్టెలు కొడుతోంది. ఐదోది కోడలి డ్యూటీ.

రిపోర్టులు చదివే నాలాంటివాళ్ల కోసం కొన్ని సంగతులు. ఈ అంకెలు ఒంటరిగా చూస్తే మోసం చేస్తాయి. కిడ్నీ సరిగ్గా లేకపోతే రెండూ పెరుగుతాయి. వయసు పెరిగేకొద్దీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మామూలుగానే ఎక్కువుంటుంది, లావుగా ఉన్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది. గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినా, మారథాన్ పరిగెత్తినా ట్రోపోనిన్ లేస్తుంది. ట్రోపోనిన్-ఐ అంకెను ట్రోపోనిన్-టి అంకెతో పోల్చకూడదు. ఒక కంపెనీ కిట్ అంకె ఇంకో కంపెనీ కిట్‌తో కలవదు. జహీరాబాద్‌లో ఒకసారి, లక్డికాపూల్‌లో ఒకసారి చేయిస్తే పెరిగిందో తగ్గిందో చెప్పడం కష్టం. వీలైతే ఒకే ల్యాబ్. మొదటి కీమోకు ముందు తీసిన అంకె చేతిలో ఉంటేనే తర్వాతి అంకెకు అర్థం.

ఇంకోటి, అమ్మాయిలకు బాగా తెలిసిన బయోటిన్ మాత్రలు! కీమో తర్వాత జుట్టు త్వరగా రావాలని చాలామంది ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేస్తారు. పెద్ద డోసు బయోటిన్ కొన్ని ట్రోపోనిన్ కిట్లను తికమక పెట్టి, ఉన్నదానికన్నా తక్కువ చూపించగలదు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక కూడా ఇచ్చింది. బయోటిన్ వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందే ల్యాబ్‌లో, డాక్టర్ దగ్గర చెప్పండి.

ఇంట్లో చేయగలిగేవీ ఉన్నాయి. రోజూ పొద్దున ఒకే టైముకు బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్ల వాపు, మెత్తల లెక్క, రాత్రిపూట ఊపిరాడక లేవడం.. ఇవి చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. ఝరాసంగం మండలంలోనే మాచునూరులో 2008 నుంచి ఊరి ఆడవాళ్లే నడుపుతున్న సంఘం రేడియో ఉంది. విత్తనాల ముచ్చట్ల మధ్య ఈ మెత్తల లెక్క కూడా ఒకరోజు వినిపిస్తే ఎంత బాగుంటుందో అనిపించింది నాకు.

కొత్త ఇమ్యునోథెరపీ మందుల గురించి ఒక్కమాట. వాటితో గుండె కండరం వాచే మయోకార్డైటిస్ అరుదే, నూటికి ఒకరు లెక్క. కానీ వస్తే చాలా సీరియస్. అక్కడ ట్రోపోనిన్ పెరగడం అంటే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం.

చివరగా, ఇది చదువుతున్న మీలో కొందరికి చిన్నప్పుడే బ్లడ్ క్యాన్సరో, లింఫోమానో వచ్చి తగ్గిపోయి ఉండొచ్చు. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జేలోనో, నిమ్స్‌లోనో, ఇంకెక్కడో. అప్పుడు మీకు ఎక్కించిన వాటిలో ఈ ఎర్ర మందు గానీ, దాని అన్న డౌనోరూబిసిన్ గానీ ఉండే అవకాశం ఎక్కువ. దాని ప్రభావం పది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఆడపిల్లల్లో ఒక్కోసారి ప్రెగ్నెన్సీ టైములో తెలుస్తుంది. అమ్మానాన్నలు బీరువాలో దాచిన పాత ఫైల్ తీయించండి. డిశ్చార్జి సమ్మరీలో మందు పేరు, మొత్తం డోసు, ఛాతీకి రేడియేషన్ ఇచ్చారా లేదా అనేది ఉంటుంది. ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. పెళ్లి, ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసేటప్పుడైనా, జిమ్‌లో బరువులు మొదలుపెట్టేటప్పుడైనా డాక్టర్‌కు ముందు ఆ పేజీ చూపించి, ఎకో ఎప్పుడు తీయించాలో అడగండి.